తూలే అక్షరాలు

అమ్మాయ్,

నీ కథ రెండుసార్లు చదివాను. బాగుంది అనను, బాగుపడుతుంది అంటాను. పెళ్లికి ఒప్పుకోవాలా వద్దా అని రాఘవ నలిగిపోయే ఆ నాలుగు పేజీల్లో ‘సందిగ్ధం’ ఐదుసార్లు, ‘డోలాయమానం’ రెండుసార్లు వచ్చాయి. లెక్కపెట్టాను, ఏమనుకోకు. అన్నిసార్లు చెప్పినా అతను ఊగినట్టు నాకు కనిపించలేదు.

లాటిన్‌లో వాకిల్లారే అని ఒక క్రియ ఉంది. ఒళ్లు అటూ ఇటూ తూలడం దాని మొదటి అర్థం. మనసు ఎటూ తేలకపోవడం ఆ తర్వాతది. ఇంగ్లీషులోకి వాసిలేట్‌గా వెళ్లాక ఎక్కువగా ఈ రెండోదే మిగిలింది, కాళ్లు పోయాయి. పాతకాలపు రోమన్ వక్త సిసెరో దగ్గర మాత్రం కాళ్లున్నాయి. ఒక విందును వర్ణిస్తూ తాగి తూలేవాళ్లకు ఈ మాటే వాడాడు. క్రీ.పూ. 63లో, రోమ్ మీద కుట్ర పన్నిన కాటిలీనా మీద చేసిన రెండో ప్రసంగంలో, పాత అప్పులు తీర్చలేనివాళ్ల గురించి చెబుతూ మళ్లీ ఇదే: బాకీల్లో తూలుతున్నారట. తాగుబోతుకీ అప్పులవాడికీ ఒకటే నడక!

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఒక ఉత్తరంలో ఉంది. సిసెరో దగ్గర రాతపని చూసే టైరోకి పెద్ద జబ్బు చేసింది. ఆ ఒంటితోనే ఉత్తరం రాసి పంపాడు. అందిందయ్యా, అక్షరాలు తూలుతున్నాయి, అంత జబ్బులో వింతేముంది అని సిసెరో జవాబు. ఉత్త అక్షరాలని కూడా అనలేదు, చిట్టి అక్షరాలన్నాడు. వణికే చెయ్యి, దాన్ని చూసి కరిగిన మనిషి, ఇద్దరూ అందులోనే ఉన్నారు.

మనకేం తక్కువ? అడుగు తడబడుతుంది, నాలుక తడబడుతుంది, బుద్ధీ తడబడుతుంది. లాటిన్‌లో తితుబారే కూడా ఇలాంటిదే, తూలే కాలికీ తొట్రుపడే నాలుకకీ ఒకటే మాట. ‘తటపటాయించడం’ పైకి అని చూడు, గుమ్మం దగ్గర కాళ్ల చప్పుడు వినిపిస్తుంది. ఆ మాటకొస్తే డోల అంటే ఉయ్యాలే. వాడివాడి దాని ఊపు మనమే ఆపేశాం.

మూడో పేజీలో రాఘవ చెప్పులేసుకుని వీధి గుమ్మం దాకా వెళ్లి, గొడుగు మరిచానని వెనక్కి వస్తాడు. బయట వాన లేదు. అది రాసిందీ నువ్వే. దాని కిందే ‘అతను సందిగ్ధంలో ఉన్నాడు’ అని ఎందుకు చేర్చావో నాకు తెలుసు, నేనూ ఏళ్ల తరబడి చేర్చాను. ఆ వాక్యం కొట్టేసి మళ్లీ పంపు.