పొద్దున ఉన్న పటుత్వం రాత్రికి ఎందుకు పోతోంది?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. వయసు 32. రైస్‌మిల్లులో గుమాస్తాను. చెల్లి పెళ్లికి చేసిన అప్పుల దిగులుతో ఏడాదిగా నిద్ర లేదు. ఆరు నెలలుగా భార్య దగ్గరికి వెళ్తే అంగం సగంలోనే మెత్తబడుతోంది. తెల్లవారుజామున మాత్రం బాగానే గట్టిపడుతుంది. దిగులు తగ్గడానికి డాక్టర్ రాసిన ఎస్సిటాలోప్రామ్ 10 ఎంజీ మాత్ర రెండు నెలలుగా వేసుకుంటున్నాను. దిగులు కొంత తగ్గింది గానీ ఇప్పుడు వీర్యం రావడానికి చాలాసేపు పడుతోంది. మాత్ర మానేయనా? బస్టాండ్ గోడ మీద చూసిన ‘మగతనం వైద్యం’ నంబర్‌కు ఫోన్ చేయనా?

జవాబు: రెండూ వద్దు. తెల్లవారుజామున గట్టిపడుతోందంటే రక్తనాళాలు, నరాలు చాలావరకు బాగున్నట్టే. అంగంలోకి రక్తం నిండాలంటే శరీరం నిమ్మళంగా ఉండాలి. ‘ఈసారైనా అవుతుందా’ అనుకోగానే భయపడినప్పుడు ఒంట్లో ఊరే అడ్రినలిన్ పెరిగి అక్కడి రక్తనాళాలు బిగుసుకుంటాయి. ఒకసారి అలా జరిగితే మరుసటిసారి పక్క ఎక్కకముందే భయం మొదలవుతుంది. నిద్రలో ఆ భయం ఉండదు. అయినా షుగర్, బీపీ, థైరాయిడ్ చూపించుకోండి. మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ పరీక్షకు పొద్దున 8–10 గంటల మధ్య రక్తం ఇవ్వాలి.

వీర్యం ఆలస్యం కావడం చాలావరకు మాత్ర ప్రభావమే. ఠక్కున ఆపితే తల తిరుగుతుంది, కరెంటు కొట్టినట్టు జిల్లుమంటుంది, దిగులు తిరగబెడుతుంది. రాసిన డాక్టర్‌కే సిగ్గుపడకుండా చెప్పండి. మోతాదు తగ్గించొచ్చు, ఈ ఇబ్బంది తక్కువగా ఉండే మిర్టజపిన్ లాంటి మందుకు మార్చొచ్చు.

ఇక ఇంట్లో చేయాల్సింది. మూడు వారాలు సంభోగం లేదని ఇద్దరూ ముందే అనుకోండి. వారానికి రెండు మూడుసార్లు, అరగంట, ఫోన్లు పక్కన పెట్టి ఒకరినొకరు తాకడం వరకే. మొదటి వారం వీపు, చేతులు, మెడ; జననాంగాల జోలికి పోవద్దు. రెండో వారం నుంచి అక్కడా తాకొచ్చు. చాలామంది ఇక్కడే తప్పుతారు: గట్టిపడగానే ‘ఇప్పుడే కానిద్దాం’ అని తొందరపడతారు. వద్దు. మెత్తబడనివ్వండి, తాకుతూ ఉంటే మళ్లీ గట్టిపడుతుంది. అది కళ్లారా చూశాకే భయం వదులుతుంది. మీ ఆవిడతో అసలు సంగతి చెప్పండి. తనంటే ఇష్టం పోయిందని ఆమె లోలోపల కుమిలిపోతూ ఉండొచ్చు.

ధైర్యానికని కల్లో, విస్కీనో తాగితే పటుత్వం ఇంకా తగ్గుతుంది. అంగం గట్టిపడటానికి వాడే సిల్డెనాఫిల్ (వయాగ్రా) మాత్ర డాక్టర్ రాస్తేనే వాడాలి. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ వాడేవాళ్లు సిల్డెనాఫిల్ ముట్టుకోకూడదు, బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది.

నల్గొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఏ వేళ ఫోన్ చేసినా తెలుగులో ఉచితంగా మాట్లాడతారు. అప్పుల బాధలో బతకాలని లేదనిపిస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకండి, ఆ నిమిషమే చేయండి.