సంక్రాంతి సెలవులకు ముందే

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అక్కా, నువ్వైనా దానికి బుద్ధి చెప్పు. స్పెషల్ ఆఫీసరు వద్దంటున్నా వినకుండా పోలీసులకి చెప్తానంటోంది. కాంట్రాక్టు ఉద్యోగం, రెన్యువల్ ఆపేస్తే ఏం చేస్తాం?" అని ఒకటే టెన్షన్. సరే, నేను రాస్తాలే అన్నాను. ఏం రాస్తానో అది అడగలేదు, నేనూ చెప్పలేదు.

నిన్ను చూస్తే గర్వంగా ఉంది. ఆ మాట ముందే రాసేస్తున్నాను, తర్వాత తిట్లలో పడి మర్చిపోతానేమోనని. భయం కూడా ఉంది. అది నీ ఉద్యోగం గురించి కాదు.

మీ అమ్మ చెప్పిందాన్ని బట్టి నాకర్థమైంది ఇదీ. ఆరో తరగతి పిల్ల. మీ కేజీబీవీలో, అంటే ఆడపిల్లల ప్రభుత్వ హాస్టల్ స్కూల్లో, పిల్లలంతా సంక్రాంతికి ఇంటికెళ్ళడానికి ఇంకెన్ని రోజులో లెక్కపెట్టుకుంటుంటే, ఈ పిల్ల నీ దగ్గరికొచ్చి "మేడం, సెలవుల్లో నేనొక్కదాన్నే ఇక్కడ ఉండిపోనా? అన్నం నేనే వండుకుంటా" అంది. ఎందుకే అంటే "ఇంట్లో బాబాయి ఉంటాడు" అని తల దించుకుంది. దసరా సెలవుల నుంచి వచ్చిన దగ్గర్నుంచీ రాత్రిళ్ళు పక్క తడుపుతోందని మీ నర్సు, ఏఎన్ఎం కూడా చెప్పింది. స్కూలు బాధ్యత చూసే మీ స్పెషల్ ఆఫీసరు గారేమో "పిల్ల ఏదో అంటే పోలీసుల దాకా వెళ్తామా, సెలవులయ్యాక చూద్దాం" అన్నారు.

సెలవులయ్యాక చూసేదేముంది? ఆ పిల్ల భయమే సెలవులు.

నువ్వు రాత్రంతా ఏం ఆలోచిస్తుంటావో నాకు తెలుసు. "ఒకవేళ నిజం కాకపోతే? ఆ బాబాయి అమాయకుడైతే? ఒక ఇంటిని కూల్చినదాన్ని అవుతానా?" ఈ ప్రశ్న రాని టీచరంటే నాకే నమ్మకం ఉండదు. కానీ దానికి జవాబు నువ్వు వెతకాల్సిన పనిలేదు. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012లో వచ్చింది. అందులో 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసినా, జరుగుతుందేమోనన్న భయం ఉన్నా, ఎవరైనా సరే పోలీసులకి చెప్పి తీరాలి. రుజువు తెమ్మని నిన్నెవరూ అడగరు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద ఏ కేసూ నడవదని అదే సెక్షన్లో ఉంది. శిక్ష పడేది పగతోనో, డబ్బు గుంజడానికో కావాలని తప్పుడు ఫిర్యాదు చేసినవాళ్ళకే. తెలిసీ చెప్పకుండా ఊరుకుంటే మాత్రం ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అదే సంస్థలో పనిచేసేవాడు చేసిన నేరాన్ని ఆ సంస్థ పెద్ద దాస్తే ఏడాది దాకా. పై అధికారి అనుమతి కావాలని చట్టంలో ఎక్కడా లేదు. ఆవిడకి చెప్పడం మర్యాద. చెప్పు. ఆవిడ ఒప్పుకునేదాకా ఆగొద్దు.

ఆవిడ మరీ బిగుసుకుంటే రాజురా కేసు చెప్పు. మన ఆసిఫాబాద్‌కి అవతల, మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా. అక్కడి స్కూలు హాస్టల్లో గిరిజన ఆడపిల్లల మీద అఘాయిత్యం జరిగింది. వాళ్ళకి వైద్యం చూసే డాక్టరుకి విషయం తెలిసినా పోలీసులకి చెప్పలేదని కేసు పెట్టారు. హైకోర్టు ఆ డాక్టరు మీద కేసు కొట్టేసింది. 2022 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పుని రద్దు చేసి, తెలిసీ చెప్పకపోవడం తీవ్రమైన నేరమేనంది. ఇది బెదిరించడానికి వాడకు. ఆవిడ కూడా పైనుంచి ఒత్తిడిలో నలిగే మనిషే. "మేడం, రేపు మనిద్దరినీ అడుగుతారు" అని నెమ్మదిగా చెప్పు, అర్థం చేసుకుంటుంది.

చేయాల్సిన పనులు నీకు తెలిసినవే. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి, రాత్రయినా ఎత్తుతారు. స్టేషన్లో రాతపూర్వకంగా ఇవ్వు, రాసుకున్నది నీకు చదివి వినిపించమను, నంబరు అడిగి తీసుకో, ఒక కాపీ నీ దగ్గర ఉంచుకో. పిల్ల అన్న మాటలు పిల్ల భాషలోనే రాయి, నీ మాటలు కలపకు, తేదీ వెయ్యి. పిల్లని స్టేషన్‌కి తీసుకెళ్ళకు. వాళ్ళే పిల్ల ఉన్నచోటికి రావాలి, వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని ఆడ ఆఫీసరు, యూనిఫాం లేకుండా.

ఇక అసలు సంగతి. దీనికోసమే ఇంత రాత్రి కూర్చుని రాస్తున్నాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక జడ్పీ హైస్కూల్లో పనిచేశాను. అప్పటికి పోక్సో లేదు, 1098 అంటే ఏంటో మా ఎవరికీ తెలీదు. ఎనిమిదో తరగతిలో ఒక పిల్ల ఉండేది. లాంగ్ బెల్ కొట్టాక అందరూ పరిగెత్తుకుంటూ వెళ్ళిపోతే ఈ పిల్ల మాత్రం బోర్డు తుడిచేది. తుడిచిన బోర్డునే మళ్ళీ తుడిచేది. డస్టర్లు మెట్ల మీద దులిపేది, వరండా ఊడ్చేది, అటెండరు తాళాలు వేసి కసిరేదాకా కదిలేది కాదు. ఎంత బుద్ధిమంతురాలో అని మేమంతా మెచ్చుకునేవాళ్ళం. మా తెలుగు మేడం ఒక్కావిడే అనుమానపడింది. దగ్గర కూర్చోబెట్టుకుని అడిగితే, ఇంట్లో ఉండే మేనమామ గురించి నాలుగు మాటలు చెప్పిందట. "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యండి" అంటే ఆవిడ ఒట్టు వేసింది. వేసి, ఆ సాయంత్రమే హెడ్‌మాస్టారికి చెప్పింది. చెప్పక ఏం చేస్తుంది మరి? చెప్పడం సరైనదే. ఒట్టు వేయకుండా ఉండాల్సింది.

హెడ్‌మాస్టారు చెడ్డవారు కాదు, అది నువ్వు గుర్తుపెట్టుకోవాలి. పిల్లలంటే ప్రాణం పెట్టే మనిషి. మర్నాడు ఆ పిల్లని స్టాఫ్‌రూంకి పిలిపించారు. టేబుల్ చుట్టూ మేమంతా ఉన్నాం. "భయపడకమ్మా, ఏం జరిగిందో చెప్పు" అన్నారు. పిల్ల తెలుగు మేడం వంక ఒక్కసారి చూసింది. ఒట్టు వేసిన మనిషి అక్కడే కూర్చుని ఉంది. కొంచెం చెప్పింది. ఇంకో మాస్టారు "ఎప్పుడు, ఎన్నిసార్లు" అన్నారు. ఇంకాస్త తక్కువ చెప్పింది. మరొకరు "నీకు కల వచ్చిందేమో, సరిగ్గా గుర్తు తెచ్చుకో" అన్నారు. చేతికంటిన సుద్దపొడిని లంగాకి తుడుచుకుంటూ "ఏం లేదు సార్, నేనే అబద్ధం చెప్పాను" అంది. అడిగిన కొద్దీ ఆ మాట కరిగిపోయింది, మా అందరి కళ్ళముందే.

అంతటితో అయిపోలేదు. తల్లిదండ్రులకి చెప్పడం మన ధర్మం కదా అని హెడ్‌మాస్టారు అటెండరుని ఇంటికి పంపారు. తండ్రి వచ్చాడు. సైకిలు తొక్కుతున్నది ఆ మేనమామే. గంట తర్వాత టీసీ అడిగారు, ఊరి పెద్దమనిషి కూడా వచ్చి "ఆడపిల్ల పరువు, లోపల్లోపల సర్దుకుంటాం" అన్నాడు. టీసీ ఇచ్చేశారు. హాజరు పట్టీలో ఆ పేరు మీద ఎర్ర సిరాతో గీత పడింది. పదో తరగతికి రావాల్సిన వయసు రాకముందే పెళ్ళి చేసేశారని తర్వాత విన్నాం. ఆ గదిలో ఒక్కరు కూడా పిల్లకి కీడు తలపెట్టినవాళ్ళు లేరు.

అందుకే నీకు పదేపదే చెప్తున్నాను. ఆ పిల్లని మళ్ళీ అడగకు. తనంతట తను చెప్తే విను, చెప్పినంతే విను. "ఎవరికీ చెప్పను" అనకు. "నిన్ను కాపాడేవాళ్ళకి మాత్రమే చెప్తాను, ఎవరికి చెప్పేదీ నీకు ముందే చెప్తాను" అను, ఆ మాట తప్పకు. ఏఎన్ఎం అడగకూడదు, వార్డెన్ అడగకూడదు, తోటి టీచర్లు జాలిపడి అడగకూడదు. స్టాఫ్‌రూంలో ఆ పేరే రాకూడదు. ఇంటికి ఫోన్ చేసి "మీ అమ్మాయి ఇలా అంటోంది" అని మాత్రం చచ్చినా అనకు. పోలీసులకి చెప్పకముందు ఆ ఇంటికి కబురు వెళ్తే, మర్నాడు పొద్దున్నే బండి వేసుకుని పిల్లని తీసుకెళ్ళడానికి వస్తారు. అదే నా భయం, అమ్మలూ. ఇన్నేళ్ళయినా టీసీ అనే మాట వింటే నా కడుపులో దేవినట్టవుతుంది.

ఇప్పుడు చట్టంలో దీనికో దారి ఉంది, అప్పుడు మాకు లేదు. అనుమానం ఉన్న మనిషి పిల్ల ఇంట్లోనే ఉంటే పోలీసులు 24 గంటల్లో బాలల సంక్షేమ సమితికి, అంటే ఆపదలో ఉన్న పిల్లల రక్షణ చూసే ప్రభుత్వ కమిటీకి, తెలపాలి. ఆ పిల్లని ఇంటి నుంచి వేరుగా ఉంచాలా అన్నది సమితి మూడు రోజుల్లో తేల్చాలి. పిల్ల ఏం కోరుకుంటోందో కూడా అడగాలి. నీ పిల్ల తన కోరిక నీకు ముందే చెప్పేసింది కదా, అన్నం తనే వండుకుంటానని. ఫిర్యాదులో ఆ మాట కూడా రాయి. ఈ వారంలోనే ఇవ్వు. సెలవులకి హాస్టలు మూసే రోజున ఇస్తే ఎవరు దొరుకుతారు? పిల్లకి తోడుగా ఒక సహాయక వ్యక్తిని ఇవ్వమని కూడా సమితిని అడుగు, కేసు నడిచినన్నాళ్ళూ ఉంటారు.

"మన పల్లెల్లో ఇలాంటివి ఉండవు" అని ఎవరైనా అంటే వాదించకు, కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో, అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో కలిపి, చేయించి 2007లో బయటపెట్టిన అధ్యయనం గురించి చెప్పు. అడిగిన పిల్లల్లో సగానికి పైగా ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదురైందన్నారు. చేసినవాళ్ళలో సగం మంది పిల్లలకి తెలిసినవాళ్ళు, నమ్మినవాళ్ళు. చాలామంది పిల్లలు ఎవరికీ చెప్పుకోలేదు. నీ పిల్ల చెప్పింది, అదీ నీకు చెప్పింది.

ఆ తల్లి వస్తుంది. నిన్ను శాపనార్థాలు పెట్టొచ్చు. ఎదురు మాట్లాడకు. ఆ ఇంట్లో ఎవరి సంపాదన మీద బతుకుతోందో, ఆవిడకి ముందే తెలుసో తెలియదో మనకేం తెలుసు? మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టు. రేపు ఆ పిల్లకి కావాల్సింది మళ్ళీ ఆ తల్లే.

కేసు పెట్టాక అందరూ నీ ధైర్యం గురించి మాట్లాడుకుంటారు, పిల్లని మర్చిపోతారు. నువ్వు హాజరు పట్టీ చూడు. సెలవుల తర్వాత రాకపోతే వారం ఆగి చూద్దాం అనుకోకు, ఆ రోజే సమితికి ఫోన్ చెయ్యి. ఎవరైనా టీసీ అడిగితే విచారణ నడుస్తోందని ఆఫీసరు గారి చేత రాతలో సమితికి తెలియజేయించు. క్లాసులో మాత్రం ఆ పిల్లని ప్రత్యేకంగా చూడకు. లెక్క తప్పితే తప్పని చెప్పు, అందరితో పాటే ఆడుకోనివ్వు.

నీ ఉద్యోగం గురించి ఇప్పుడు చెప్తాను. పోతుందని నేననుకోను. పోతే నా పెన్షన్ ఉంది, నా ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది, నువ్వు ఇక్కడ కూర్చుని డీఎస్సీకి చదువుకో. మీ అమ్మకి ఈ మాట రేపు పొద్దున్నే నేనే చెప్తాను, నువ్వు దానితో గొడవ పడకు. దానికి నీ గురించి ఉన్న భయమే తప్ప ఆ పిల్ల మీద జాలి లేక కాదు.

స్టేషన్‌కి ఒక్కదానివే వెళ్ళకు. ఏఎన్ఎం వస్తానంటే తీసుకెళ్ళు, లేదంటే నాకు చెప్పు, పొద్దున మొదటి బస్సుకి బయల్దేరి వస్తాను. ఫిర్యాదు రాసి పంపించేముందు ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టు, తేదీలు ఒకసారి చూస్తాను. వేళకి తిను, రాత్రి భోజనం మానేస్తున్నావని కూడా మీ అమ్మ చెప్పింది.

మీ పెద్దమ్మ