కొత్త జాతిలో పుట్టిన మొదటి జీవికి జత ఎక్కడ దొరుకుతుంది?

జంతువుల్లో సాధారణంగా అలాంటి "మొదటి జీవి" అంటూ ఉండదు. కొత్త జాతిగా మారేది ఒక్క జీవి కాదు, ఒక గుంపు, అదీ ఎన్నో తరాల్లో. పుట్టిన ప్రతి పిల్లా తన చుట్టూ ఉన్నవాటితో జతకట్టగలదు. కానీ గుంపులో కొన్ని మిగతావాటితో కలవడం తగ్గిపోతే ఇటు వచ్చిన మార్పులు అటు చేరవు. తేడాలు పోగుపడి, చివరికి కలిసినా సంతానం నిలవదు.

అమెరికాలో హాథార్న్ అనే ముళ్లచెట్టు కాయల్లో పెరిగే ఒక ఈగ ఉంది. యూరప్ నుంచి వచ్చినవాళ్లు యాపిల్ తోటలు వేశాక, 1860ల నాటికి కొన్ని ఈగలు యాపిల్‌కి మారాయి. ఇవి జతకట్టేది కాయ మీదే, గుడ్లు పెట్టేది కాయలోనే. యాపిల్ కొన్ని వారాలు ముందే పండుతుంది, రెక్కలొచ్చాక ఈగ ఆయుష్షు చూస్తే సుమారు నెల. ఇంకేం, పక్కపక్క చెట్ల మీదే ఉన్నా రెండు గుంపులూ పెద్దగా కలవవు. పూర్తిగా వేరు జాతులు మాత్రం ఇంకా కాలేదు.

కోతి కడుపున ఒకరోజు మనిషి పుట్టాడనుకోవడమే అసలు పొరపాటు. తెలుగుకు పూర్వభాష అయిన మూలద్రావిడం మాట్లాడే తల్లికి తెలుగు మాట్లాడే బిడ్డ ఏ రోజూ పుట్టలేదు కదా! మొక్కల సంగతి వేరు: క్రోమోజోములు (కణంలో జన్యువులుండే పోగులు) రెట్టింపై ఒక్క తరంలోనే కొత్త జాతి రావచ్చు. చాలా మొక్కలకు సొంత పుప్పొడే సరిపోతుంది కాబట్టి జత గొడవే లేదు.