ఎన్‌ఐహెచ్ నిధులతో రాసిన వ్యాసాన్ని అందరికీ తెరిచి ఉంచాలంటే పత్రికకు రుసుము కట్టాల్సిందేనా?

కట్టనవసరం లేదు, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు, అంటే ఎన్‌ఐహెచ్, కోరేది సమీక్ష ముగిసి పత్రిక అంగీకరించిన తుది రాతప్రతిని, పూర్తి వ్యాసాలను ఎవరైనా ఉచితంగా చదవగలిగే ఆన్‌లైన్ భాండాగారమైన పబ్‌మెడ్ సెంట్రల్‌కు సమర్పించడమే, అందుకు ఆ సంస్థ రుసుమేమీ తీసుకోదు. ప్రజల పన్నులతో జరిగిన పరిశోధనను చదవడానికి ఆ ప్రజలే మళ్లీ చందా కట్టకూడదన్నది దీని వెనుక ఉన్న కారణం. మునుపు ప్రచురణ తర్వాత 12 నెలల దాకా ప్రతిని మూసి ఉంచే వీలుండేది కానీ, 2025 జూలై 1 నుంచి అంగీకారం పొందే వ్యాసాలకు ఆ వెసులుబాటు లేదు. ఉదాహరణకు, చందా పత్రిక ఒకటి 2025 ఆగస్టులో అంగీకరించిన వ్యాసం అక్టోబరులో వెలువడితే, రచయిత ఆగస్టులోనే ప్రతిని సమర్పించాలి, అది వెలువడిన రోజునే అందరికీ అందాలి. వ్యాసం పబ్‌మెడ్‌లో కనిపిస్తే షరతు తీరినట్లేనని చాలామంది పొరబడతారు. పేర్లు అలా కలిసిపోయాయి మరి, కానీ పబ్‌మెడ్ సారాంశాల సూచిక మాత్రమే, పూర్తి పాఠం ఉండేది పబ్‌మెడ్ సెంట్రల్‌లో.