ఇల్లు మారేటప్పుడు ఇంట్లో నెట్, ఫోన్ ఆగకుండా ఉండాలంటే ఏం చేయాలి?

విజయనగరంలోనే వేరే ఇంటికి మారుతున్నాం, ఉద్యోగం ఇంటి నుంచే, ఒక్కపూట కూడా నెట్ పోకూడదు అని అడిగారు. అదీ శ్రావణంలో. ముందుగా నా సానుభూతి. ఆషాఢమంతా కదలకుండా కూర్చున్న జనం శ్రావణం రాగానే ఒకేసారి పాలు పొంగిస్తారు. పొంగించిన ప్రతి ఇంటికీ ఒక వైరు లాగాలి. లాగే కుర్రాళ్లు మాత్రం ఆషాఢంలో ఎంతమందో అంతే.

బిల్లు మీద ఏ కంపెనీ పేరున్నా, మన నెట్ ఆ వీధిలో స్తంభం ఎక్కే కుర్రాడి చేతిలో ఉంటుంది. కాబట్టి ఇంటికి అడ్వాన్స్ ఇవ్వకముందే ఆ వీధిలోకి వెళ్లి పక్కింటివాళ్లని అడగండి: మీ నెట్ ఎవరిది, వైరు చూసే అబ్బాయి ఎవరు, పాడైతే వస్తాడా? యాప్‌లో పిన్‌కోడ్ కొట్టి చూసుకుంటే చాలు కదా అనేవాళ్లు ఒక్కసారి మా కథ వినాలి.

మేం దాసన్నపేట నుంచి రింగ్ రోడ్డు వైపు ఒక సందులోకి మారాం. పాత కనెక్షన్‌నే కొత్త ఇంటికి మార్చమని నేను షిఫ్టింగ్ పెట్టలేదు. పెడితే పాత లైను ఎప్పుడు కోస్తారో, కొత్తది ఎప్పుడు ఇస్తారో చెప్పే నాథుడు ఉండడు. మా ఆయన పేరు మీద కొత్త కనెక్షన్ అడిగి, పాతది అలాగే ఉంచాం. ఒక నెల రెండు బిల్లులు కట్టడం దండగ అని మా ఆయన సణిగారు. నాలుగు రోజులు సెలవు పెడితే జీతంలో ఎంత పోతుందో చెప్పాక సణుగుడు ఆగింది.

కొత్త ఇంటి దగ్గర నెట్ ఉందని యాప్ పచ్చ టిక్కు చూపించింది. కస్టమర్ కేర్ అమ్మాయి కూడా 'తప్పకుండా మేడమ్' అంది. సామాను లారీ దిగుతుండగా వైరు అబ్బాయి వచ్చాడు. బండి దిగకుండానే తల పైకెత్తి స్తంభం చూసి, "అమ్మా, బాక్సు ఉన్నాది గానీ ఖాళీ లేదమ్మా" అన్నాడు. ఒక్కో ఫైబర్‌ని స్ప్లిటర్ దగ్గర ఎనిమిదిగానో పదహారుగానో చీలుస్తారట. అన్నీ నిండిపోతే మనకి కలపడానికి చోటుండదు. పచ్చ టిక్కుకి ఇదంతా తెలీదు.

వెనక సందులో ఇంకో బాక్సు ఉంది. అక్కడి నుంచి లాగాలంటే వైరు పక్కింటి డాబా మీదుగా రావాలి. ఆ ఇంటి మామ్మగారు వడియాలు ఆరబెట్టుకునే మూల వైపు రాకూడదని షరతు పెట్టారు. వైరు పిట్టగోడ అంచున తిప్పుతామని ఒప్పించాం. ఇంతలో మా ఓనరు గారు గేటు దగ్గరే బీరువా మోస్తున్న హమాలీలని ఆపి, "గోడకి కన్నం పెట్టకండి, మొన్ననే రంగులేయించాను" అన్నారు. అంత డబ్బు పోసి ఇల్లు కట్టినవాళ్లు నెట్ వైరు కోసం గోడలో ఒక పైపు వేయించరు, అదేం పొదుపో! చివరికి ఏసీ కోసం వదిలిన కన్నంలోంచి లోపలికి తెచ్చాం.

రౌటర్ మీద ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటోంది. దాని పక్కన ఎల్‌ఓఎస్ అని ఉంటుంది. వెలుగు అందడం లేదని అర్థం. అబ్బాయి పిట్టగోడ మూల దగ్గరికి వెళ్లి, మేకు చుట్టూ బిగించిన వైరుని వదులు చేశాడు. ఫైబర్‌ని మరీ మడిస్తే వెలుగు బయటికి పోతుందట. వెలుగు ఎంత అందుతోందో చూపే మీటరు అతని చేతిలో మైనస్ ఇరవై దగ్గర ఆగింది. మైనస్ ఇరవై ఏడు దాటి ఇంకా కిందికి పోతే నెట్ ఆగి ఆగి వస్తుంది, ఆ అంకె ఒకసారి చూపించమని అడగండి. మీటరు తేకుండా వచ్చినవాణ్ని నేనైతే మంచినీళ్లిచ్చి పంపించేస్తాను. ఈ తతంగమంతా అయ్యేవరకు నేను పగలు దాసన్నపేట ఖాళీ ఇంట్లో చాప మీద కూర్చుని పని చేసుకున్నాను. పాతది ఉంచమన్నది అందుకే.

పాత రౌటర్ పట్టుకెళ్లి కొత్త ఇంట్లో వైరుకి తగిలించినంత మాత్రాన పని చేయదు. దాని నంబరు ఆపరేటరు తన దగ్గర ఎక్కించాలి. కొత్త రౌటర్ ఇచ్చినా వైఫైకి పాత పేరు, పాత పాస్‌వర్డే పెట్టించండి. టీవీ, ఫోన్లు, పిల్లల ట్యాబ్ అన్నీ వాటంతటవే కలుస్తాయి.

ఫోన్ సంగతికొస్తే, బ్రోకర్లు 'సిగ్నల్ ఫుల్' అంటారు, అదీ రోడ్డు మీద నిలబడి. మీరు లోపలి పడకగదిలోకి వెళ్లి తలుపేసుకుని, ఇంట్లోవాళ్లు వాడే ప్రతి సిమ్ నుంచీ ఒక కాల్ చేయండి. అందకపోతే, మీ ఫోన్‌లోనూ సిమ్ కంపెనీలోనూ ఆ సౌకర్యం ఉంటే, ఇంటి వైఫై మీదే కాల్ వెళ్లే వైఫై కాలింగ్ ఆన్ చేసుకుంటే సరిపోతుంది. ఇల్లు మారే వారంలో మాత్రం సిమ్ పోర్ట్, అంటే అదే నంబరుతో కంపెనీ మారడం, పెట్టకండి. కంపెనీ మారే సమయంలో కొన్ని గంటలు సిమ్ పని చేయదు, సరిగ్గా అప్పుడే గ్యాస్ వాళ్ల ఓటీపీ వస్తుంది. హైదరాబాద్ నుంచి వస్తున్నవాళ్లకి సర్కిల్, అంటే టెలికాం ప్రాంతం, మారే గొడవ లేదు. టెలికాం లెక్కలో రెండు రాష్ట్రాలూ ఇప్పటికీ ఒకటే సర్కిల్.

మా అత్తగారికి 08922తో మొదలయ్యే ల్యాండ్‌లైన్ ఉంది. బంధువులందరికీ అదే నోటికొచ్చిన నంబరు. మొబైల్ నంబరులా దాన్ని ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి పట్టుకెళ్లే సౌకర్యం మన దేశంలో లేదు. అందుకే ఆ ఒక్కదానికి అదే కంపెనీలో షిఫ్టింగ్ పెట్టి, నంబరు మార్చొద్దని అప్లికేషన్ మీదే రాశాం. రాగి తీగ రోజుల్లో కరెంటు పోయినా ఎక్స్‌ఛేంజి బ్యాటరీ మీద ఫోన్ మోగేది. ఫైబర్ మీద వచ్చే ఫోన్‌కి ఆ సుఖం లేదు, రౌటర్ ఆగితే అదీ ఆగుతుంది. రౌటర్‌కి చిన్న యూపీఎస్ పెట్టాం, తుపాను గాలికి కరెంటు పోయినా కాసేపు నెట్ నిలబడుతోంది.

మన పైడితల్లమ్మ సిరిమాను జాతర వారంలో మాత్రం కనెక్షన్ పని పెట్టుకోకండి. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం జాతర అయ్యేదాకా ఊళ్లో ఏ పనివాడూ ఫోన్ ఎత్తడు, ఎత్తమనడం కూడా న్యాయం కాదు.

కొత్త లైను వారం రోజులు ఆగకుండా నడిచాకే పాతది వదులుకోండి. రౌటర్ వెనక్కి ఇచ్చేటప్పుడు అడాప్టరు కూడా ఇచ్చి, రెండిటికీ రసీదు రాయించుకోండి. మా డిపాజిట్ 'అడాప్టరు రాలేదు' అన్న ఒక్క మాట మీద నెలల తరబడి ఆగింది. రసీదు ఫోటో పంపాకే కదిలింది.