ఇంత జాగ్రత్తగా ఉన్నా నెలాఖరుకు ఎందుకు మిగలట్లేదు?

ప్రశ్న: మేం నలుగురం. నేను, మావారు ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం. పిల్లలిద్దరూ స్కూల్లో ఉన్నారు. ఏడాదిగా ఇంటి ఖర్చులు తగ్గించాలని నానా తంటాలు పడుతున్నాను. గదిలోంచి బయటికొస్తే లైటు ఆపమని పిల్లల వెంటపడతాను. ఆఫర్లు ఉన్నప్పుడే సరుకులు కొంటాను. బయట కాఫీ, టీలు మానేశాం. అయినా నెలాఖరుకు చేతిలో ఏమీ మిగలడం లేదు సరికదా, ఇంట్లో అందరికీ నేనంటే విసుగొచ్చేసింది. క్రెడిట్ కార్డు మీద కొంత బాకీ ఉంది. నెలనెలా కట్టాల్సిన కనీస మొత్తం మాత్రం తప్పకుండా కడుతున్నాం. బ్యాంకులో ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది, దాన్ని ముట్టుకోవడం లేదు. పాప సంగీతం క్లాసు మానిపిద్దామా అని కూడా ఆలోచిస్తున్నాం. ఇంకా ఏం తగ్గించుకోవచ్చో చెప్పండి. – ఒక పాఠకురాలు

జవాబు: పాప సంగీతం క్లాసు మానిపించకండి. పిల్ల ఇష్టంగా వెళ్తున్నదాన్ని ఆపేస్తే ఇంటిల్లిపాదికీ బాధ మిగులుతుంది తప్ప మీ లెక్క సరిపడదు. మీ జాగ్రత్తలో లోపం లేదమ్మా. కాకపోతే ఆ జాగ్రత్తంతా చిన్న ఖర్చుల మీదే పెడుతున్నారు. పెద్దవి మీ పక్కనుంచే చప్పుడు లేకుండా వెళ్లిపోతున్నాయి. రోజుకు పదిసార్లు మనసు చంపుకుని చేయాల్సిన పొదుపు ఏ ఇంట్లోనూ ఎక్కువ కాలం నిలవదు. ఒకసారి కూర్చుని తేల్చుకుంటే ఆ తర్వాత ఎవరూ పట్టించుకోకపోయినా నెలనెలా మిగిల్చిపెట్టేవి ఉంటాయి. వీలైనంత వరకు అలాంటివే చెబుతాను.

లైట్లతోనే మొదలుపెడతాను, ఇంట్లో గొడవ వాటి గురించే కాబట్టి. కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే వెయ్యి వాట్ల పరికరాన్ని గంటసేపు వాడినంత. మీ ఇంట్లో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఉందనుకుందాం. పిల్లలు దాన్ని రోజూ రెండు గంటలు ఊరికే వెలగనిచ్చినా ఏడాది మొత్తానికి అయ్యేది ఆరున్నర యూనిట్లు. ఇప్పుడు స్నానాల గదిలోకి రండి. మామూలు షవర్ నుంచి నిమిషానికి సుమారు 10 లీటర్ల నీళ్లు పడతాయి. పది నిమిషాల స్నానానికి 100 లీటర్లు. ఆ నీళ్లను 25 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు వేడి చేయడానికి దాదాపు ఒకటిముప్పావు యూనిట్లు కావాలి. అంటే ఒక్కరి ఒక్క స్నానానికి అయిన కరెంటుతో మీరు పోట్లాడుతున్న ఆ బల్బు రాత్రింబవళ్లు ఎనిమిది రోజులు వెలుగుతుంది. చలికాలంలో కుళాయి నీళ్లు ఇంకా చల్లగా ఉంటాయి కాబట్టి ఈ లెక్క మరింత పెరుగుతుంది.

అలాగని గడియారం పట్టుకుని తలుపు బయట నిలబడమని చెప్పను. నిమిషానికి 6 లీటర్లు మాత్రమే వదిలే షవర్ హెడ్‌లు దొరుకుతాయి. అది బిగిస్తే అదే పది నిమిషాల స్నానానికి 60 లీటర్లే పడతాయి. నలుగురూ రోజూ వేడినీళ్ల షవర్ వాడే ఇంట్లో ఈ ఒక్క మార్పుతో ఏడాదికి దాదాపు వెయ్యి యూనిట్లు మిగులుతాయి. నీళ్లు కాచేది గ్యాసుతో అయితే ఆ మేరకు గ్యాసు మిగులుతుంది. ఒకసారి బిగించాక ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని లేదు.

ఇంటి పరికరాలన్నిటికీ ఇదే సూత్రం. వేడి చేసేవి, చల్లబరిచేవి కరెంటును తాగేస్తాయి. వెలుతురు ఇచ్చేవి, మాట్లాడించేవి కొద్దిగా తీసుకుంటాయి. వాషింగ్ మెషీన్‌లో వేడినీళ్ల ప్రోగ్రాం పెడితే కరెంటులో ఎక్కువ భాగం బట్టలు తిప్పడానికి కాదు, నీళ్లు కాగడానికే పోతుంది. రోజువారీ బట్టలకు చన్నీళ్లు చాలు. ఏసీ ఉంటే, బయటి వేడికీ లోపలి చల్లదనానికీ తేడా ఎంత తగ్గితే బిల్లు అంత తగ్గుతుంది. ఇక టీవీ పక్కన ఎప్పుడూ ఎర్రదీపంతో ఉండే పెట్టెలు. ఒక్కొక్కటి 5 వాట్లే తీసుకున్నా ఏడాదంతా కలిపి 44 యూనిట్లు అవుతుంది. ఇందాక చెప్పిన బల్బుకు ఇది ఆరేడు రెట్లు. వాటన్నిటినీ ఒకే స్విచ్చుబోర్డుకు తగిలించి, పడుకునే ముందు ఆ ఒక్క స్విచ్చు ఆపితే చాలు. లైట్ల విషయంలో మాత్రం పిల్లల్ని కాస్త వదిలేయండి. మీ మాటకు విలువ మిగలాలంటే దాన్ని పెద్ద విషయాలకు దాచుకోవాలి.

తర్వాత వంటిల్లు. నన్నడిగితే ఇంటి పొదుపులో అసలు పని ఇక్కడే ఉంది. ఆదాయం తగ్గేకొద్దీ ఖర్చులో తిండి వాటా పెరుగుతుందని జర్మన్ గణాంకవేత్త ఎర్న్‌స్ట్ ఎంగెల్ 1857లోనే చెప్పాడు. చేతిలో డబ్బు ఆడని నెలల్లో ఈ మాట ఎంత నిజమో ప్రతి ఇల్లాలికీ తెలుసు. మనం సాధారణంగా చూసుకునేది ఎంతకు కొన్నామన్నదే. కొన్నదాంట్లో ఎంత పారేశామన్నది ఎవరూ రాసుకోరు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం లెక్కల ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం హోటళ్లలోనో దుకాణాల్లోనో కాదు, ఇళ్లలో పారేసిందే. సగటున మనిషికి ఏడాదికి 79 కిలోలు. ఈ లెక్కలోకి తొక్కలు, ఎముకల్లాంటి తినలేని భాగాలు కూడా వస్తాయి. అయినా నలుగురున్న ఇంటికి మూడు వందల కిలోలు దాటుతుందంటే, అందులో డబ్బు పెట్టి కొని తినకుండా పారేసింది ఎంత ఉంటుందో ఆలోచించండి.

నా దగ్గరికి వచ్చే కుటుంబాలతో నేను మొదట చేయించే పని ఒకటుంది. ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి, పక్కనే పెన్ను వేలాడదీయాలి. రెండు వారాలపాటు చెత్తబుట్టలో తినే వస్తువు ఏది పడినా, పడేసినవాళ్లే అక్కడ ఒక ముక్క రాయాలి: ఏమిటి, ఎంత, ఎందుకు. ‘ఆకుకూర, సగం కట్ట, కవర్లోనే మర్చిపోయాం.’ ‘పాలు, గ్లాసుడు, విరిగాయి.’ ‘నిన్నటి కూర, పిల్లలు తినలేదు.’ ఎవరినీ తిట్టడానికి కాదని ముందే చెప్పండి, లేకపోతే నిజం రాయరు. రెండు వారాలయ్యాక ఆ కాగితం చదివితే మీ ఇంటి జబ్బు ఏమిటో మీకే తెలుస్తుంది. కొన్ని ఇళ్లలో వండింది ఎక్కువవుతుంది. కొన్నింట్లో కొన్నది ఎక్కువవుతుంది. చాలా ఇళ్లలో మాత్రం ఉన్న సంగతే గుర్తుండదు. ఫ్రిజ్‌లో వెనక వరసలోకి వెళ్లిన డబ్బా ఇక కంటపడదు.

ఉన్నది మర్చిపోవడమే మీ జబ్బయితే మందు తేలిక. కళ్లకు ఎదురుగా ఉండే అరలో ఒక ట్రే పెట్టి, త్వరగా వాడేయాల్సినవన్నీ అందులోనే ఉంచండి. వంట మొదలుపెట్టేటప్పుడు ముందు ఆ ట్రే చూడాలి. సరుకుల చీటీ కూడా ఫ్రిజ్ తలుపు తీసి, చూస్తూ రాయండి. కుర్చీలో కూర్చుని గుర్తుచేసుకుంటూ రాసే చీటీలో ఇంట్లో ఉన్నవే మళ్లీ వస్తాయి. మిగిలిన వంటను రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి, లోపల 4 డిగ్రీలు దాటకుండా చూసుకోవాలి. అలా పెడితే మరుసటి రోజు ధైర్యంగా తినొచ్చు. ప్యాకెట్ల మీద తేదీల గురించి కూడా చాలామంది పొరబడతారు. ‘యూజ్ బై’ అని ఉంటే అది ఆరోగ్యానికి సంబంధించిన గడువు, దాటాక తినకూడదు. ‘బెస్ట్ బిఫోర్’ అని ఉంటే ఆ తేదీ వరకు రుచి, నాణ్యత బాగుంటాయని అర్థం. మర్నాడే అది విషమైపోదు. సరిగా నిల్వచేసిన బిస్కెట్ ప్యాకెట్‌ను ఆ తేదీ చూసి పారేయక్కర్లేదు.

ఆఫర్లప్పుడే కొంటానని రాశారు. వాటి విషయంలో నాకు కొంచెం భయం. ‘అదే ధరకు 50 శాతం అదనం’ అని పెద్దక్షరాలతో ఉన్న ప్యాకెట్ మీకు సగం ధరకు రావడం లేదు, మూడో వంతు తగ్గింపుకు వస్తోంది. ‘రెండు కొంటే ఒకటి ఉచితం’ కూడా మూడో వంతు తగ్గింపే, అదీ మూడూ వాడుకుంటేనే. మూడోది పాడైతే మీరు రెండింటిని పూర్తి ధర పెట్టి కొన్నట్టే. సబ్బు, పేస్టు లాంటి నిల్వ ఉండేవి ఆఫర్లో కొనండి, సంతోషం. కూరగాయలు, పళ్లు, పాలలాంటివి మీ వారానికి ఎంత కావాలో అంతే తెచ్చుకోండి. ధర చూసే బదులు కిలోకి ఎంత, లీటరుకి ఎంత అన్నది చూడటం అలవాటు చేసుకోండి. పెద్ద ప్యాకెట్ ప్రతిసారీ చవక కాదు. ఒక్కోసారి ధర ముట్టుకోకుండా బరువు తగ్గించేస్తారు. 500 గ్రాముల ప్యాకెట్ 450 గ్రాములైందంటే, ధర 11 శాతం పెరిగినట్టే. మన కళ్లు మాత్రం అదే రంగు, అదే బొమ్మ చూసి ఏమీ మారలేదనుకుంటాయి.

ఒక ఆదివారం మీవారితో కలిసి కూర్చోండి అని కూడా చెప్పాలి, ఈ పని ఒక్కరు చేసేది కాదు. గత మూడు నెలల బ్యాంకు, కార్డు స్టేట్‌మెంట్లు తీసి, మీ చెయ్యి పడకుండా వాటంతటవే కట్ అవుతున్నవాటి కింద గీత గీయండి. వీడియో చందాలు, ఫోన్లో కొన్న స్టోరేజ్, ఎవరూ వాడని యాప్, ఎప్పుడో తీసుకున్న పెద్ద డేటా ప్లాన్, ఖాతా నిర్వహణ రుసుములు. ఒక్కొక్కదాని దగ్గర ఆగి ఒకే ప్రశ్న వేసుకోండి: ఇది మనకు ఇంతవరకు లేదనుకుంటే ఇవాళ కొత్తగా చేరతామా? చేరం అనిపిస్తే అక్కడికక్కడే రద్దు చేయండి, తర్వాత అనుకుంటే అది మళ్లీ ఏడాది నడుస్తుంది. ఇంటి, వాహన బీమాలు రెన్యూవల్‌కు వచ్చినప్పుడు అదే కవరేజీకి ఇంకో రెండు కంపెనీల ధర కనుక్కోండి. ప్రీమియం తగ్గించుకోవడానికి కవరేజీ తగ్గించుకోవద్దు.

ఇప్పుడు మీరు ఉత్తరంలో రెండు వాక్యాల్లో దాటేసిన క్రెడిట్ కార్డు సంగతికి వస్తాను. మీ ఇంట్లో పోతున్న డబ్బులో పెద్ద వాటా ఇదేనని నా గట్టి అనుమానం. కార్డు మీద కనీస మొత్తం కడితే ఆలస్య రుసుము తప్పుతుంది, అంతే. మిగిలిన బాకీ మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది. నెలకు 3 శాతం అంటే తక్కువే అనిపిస్తుంది. కానీ అది నెలనెలా అసలులో కలుస్తూ పోతే, ఏమీ కట్టకుండా వదిలేసిన వంద ఏడాదికి 142 దాటుతుంది. అంతేకాదు, చాలా కార్డుల్లో పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికి వడ్డీలేని గడువు కూడా దొరకదు. మీరు ఆఫర్లో చవకగా కొన్న సరుకులకు కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుండవచ్చు.

మరోవైపు డిపాజిట్‌ను ముట్టుకోవడం లేదన్నారు. దాచిన డబ్బు తీయకూడదన్న మీ నియమం మంచిదే, నేనూ అందరికీ అదే చెబుతాను. కానీ అప్పు వడ్డీ, డిపాజిట్ వడ్డీ పక్కపక్కన పెట్టి చూడండి. డిపాజిట్ మీద ఏడాదికి 6 శాతం వస్తుంటే, కార్డు మీద నెలకు 3 శాతం కడుతుంటే, బ్యాంకు మీకు ఏడాదంతా ఇచ్చే వడ్డీని కార్డు రెండు నెలల్లో తీసేసుకుంటోంది. మీరు ఏడాదిగా మానేసిన కాఫీలు, టీలు ఈ తేడాలోనే కొట్టుకుపోయి ఉంటాయి.

అందుకని ఇలా చేయండి. కార్డు వడ్డీ రేటు, డిపాజిట్ వడ్డీ రేటు, గడువుకు ముందు డిపాజిట్ తీస్తే పడే కోత – ఈ మూడు అంకెలు ఒక కాగితం మీద రాసుకోండి. అనుకోని అవసరానికి ఒక నెల ఇంటి ఖర్చు పక్కన ఉంచి, డిపాజిట్‌లో మిగిలిన దాంతో కార్డు బాకీ కట్టేయండి. కోత ఎక్కువగా ఉంటే, డిపాజిట్ మీద తక్కువ వడ్డీకి అప్పు ఇస్తారేమో బ్యాంకులో అడగండి. ఆ డబ్బు బాకీ అంతటికీ సరిపోకపోతే, మిగిలింది తీరేవరకు కార్డుతో ఏమీ కొనకండి. కనీస మొత్తానికి పైన కట్టగలిగినంతా కడుతూ పోండి.

బాకీ తీరిన నెల నుంచి ఇన్నాళ్లూ కార్డుకు కట్టిన మొత్తం మీ చేతిలోకి రానివ్వకండి. జీతం పడిన రోజునే అది వేరే ఖాతాకు వెళ్లిపోయేలా బ్యాంకులో ఆటోమేటిక్ బదిలీ పెట్టించండి. కరెంటు బిల్లులో, చందాల్లో మిగిలింది కూడా అందులోనే చేర్చండి. జీతం పడే ఖాతాలోనే ఉంటే ఆ మిగులు ఏ ఖర్చులోనో కలిసిపోతుంది, పొదుపు చేశామన్న తృప్తి తప్ప పొదుపు కనిపించదు. ఆ వేరే ఖాతాలో మొదట డిపాజిట్‌లోంచి తీసిన సొమ్మును పూడ్చండి. తర్వాత బీమా ప్రీమియం, స్కూలు ఫీజులు, మరమ్మతుల్లాంటి ఏడాదికోసారి వచ్చే ఖర్చులన్నీ కూడి, పన్నెండుతో భాగించి, ఆ భాగాన్ని నెలనెలా అక్కడ వేస్తూ రండి. మీరు మళ్లీ కార్డు తీయాల్సి వచ్చేది చాలావరకు ఆ ఖర్చులు వచ్చిపడే నెలల్లోనే.