మైనస్ 6 పవర్‌కి లేసిక్ చేయించుకోవచ్చా? క్లినిక్ ఎలా ఎంచుకోవాలి?
లేసిక్ అంటే లేజర్‌తో కార్నియాను (కంటి ముందుండే పారదర్శక పొర) చెక్కి కళ్లద్దాల పవర్ తగ్గించే ఆపరేషన్. అందుకే పవర్ కన్నా ముందు కార్నియా మందం చూడాలి. మీది 500 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అనుకుందాం. ఫ్లాప్‌కి (లేజర్ కోసం మూతలా పైకెత్తే పలుచటి పొర) 110 పోతుంది, ఒక్కో పవర్‌కి సుమారు 15 చొప్పున లేజర్ 90 చెక్కేస్తుంది. అడుగున 300 మిగులుతుంది. 250 కంటే తగ్గితే కార్నియా బలహీనపడి ముందుకు ఉబ్బుకొచ్చే ప్రమాదం ఉంది. టోపోగ్రఫీ స్కాన్‌లో (కార్నియా ఆకారాన్ని కొలిచేది) కెరటోకోనస్ (కార్నియా పలుచబడి శంకువులా ఉబ్బే జబ్బు) ఛాయలుంటే మందం ఎంతున్నా లేసిక్ వద్దు.

పవర్ ఏడాదిగా మారకుండా ఉండాలి. సాఫ్ట్ లెన్సులు కనీసం వారం, గట్టివైతే మూడు నాలుగు వారాలు మానేశాకే స్కాన్. లేకపోతే లెన్స్ నొక్కిన ఆకారమే కొలతల్లో వస్తుంది.

క్లినిక్‌లో మెషిన్ పేరు అడిగి ఏం లాభం? మిగిలే మందం ఎంతో రిపోర్టు మీద రాసిమ్మనండి. చుక్కలు వేసి రెటీనా చూశారా, పవర్ మిగిలితే రెండోసారికి మళ్లీ డబ్బు కట్టాలా కనుక్కోండి. స్కాన్ కాకముందే "ఈరోజే కడితే డిస్కౌంట్" అంటే లేచి వచ్చేయండి.